టీవీ పెట్టె గురించి ఒక మష్వరా

మా ఇంటి డాబా మీద డిష్ అమర్చి పన్నెండేళ్లు దాటింది. కొత్తచెరువు ఎండలకు దాని రంగు వెలిసింది, మరలకు తుప్పు పట్టింది. అయినా అది ఇంకా పనిచేస్తూనే ఉంది. దానికి జతగా హాలులో ఉన్న సెట్ టాప్ బాక్సు మాత్రం గత వేసవి నుంచి మొరాయించసాగింది. ఒకనాడు బొమ్మ నిలిచిపోయేది, మరొకనాడు రిమోట్ ఎంత నొక్కినా పలికేది కాదు. చూడవచ్చిన కుర్రవాడు, డిష్ ఛానెళ్లతో పాటు ఇంటర్నెట్ కార్యక్రమాలు కూడా చూపే కొత్త రకం పెట్టెకు మారడం మేలని చెప్పి వెళ్లాడు.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి ఆ మాటకు ఒప్పుకోలేదు. “అమ్మీ, ఆ పెట్టె వద్దు. నేను రెండు స్టిక్కులు పంపిస్తాను. హాలులో ఒకటి, తమ్ముడి గదిలో ఒకటి. ఇక డిష్ రీచార్జి గొడవే ఉండదు” అన్నాడు.

చిన్న విషయమే. అయినా ఇంట్లో అందరూ వాడే వస్తువు కనుక అందరినీ అడిగి నిర్ణయించాలనుకున్నాము. ఇషా నమాజు ముగిశాక హాలులో కూర్చొని లెక్క మొదలుపెట్టాము.

ముందుగా ఏది ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాము. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలను డిష్ అందుకుంటుంది. వాటిని బాక్సు విప్పి చూపిస్తుంది. దీనికి ఇంటర్నెట్‌తో పని లేదు. స్టిక్ అనేది బొటనవేలికన్నా కాస్త పెద్దదైన పరికరం. దానిని టీవీ వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రంలో గుచ్చి, ఇంటి వైఫైకి కలపాలి. ఇక మూడవది, ఈ రెండు పనులనూ ఒకే పెట్టెలో చేర్చినది. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 సెప్టెంబరులో 3,999 రూపాయలకు, టాటా స్కై 2020 జనవరిలో 5,999 రూపాయలకు ఇటువంటి పెట్టెలను విడుదల చేశాయి.

ఒకే పెట్టె, ఒకే రిమోట్ అన్నది సౌకర్యమే. కాని పెట్టె చెడితే రెండు దారులూ ఒకేసారి మూతపడతాయి. పైగా ఒక డీటీహెచ్ సంస్థ పెట్టె సాధారణంగా మరొక సంస్థ ప్రసారాలకు పనికిరాదు. స్టిక్‌ను అయితే ఏ టీవీకైనా పెట్టుకోవచ్చు, ఊరు మారినా వెంట తీసుకువెళ్లవచ్చు. ఇంతవరకు పెద్దబ్బాయి వాదమే బలంగా కనిపించింది.

అప్పుడు చిన్నవాడు తన గదిలోని టీవీని వెనక్కి తిప్పి చూశాడు. అది పాతకాలపు పెద్ద డబ్బా టీవీ, దానికి హెచ్‌డీఎంఐ రంధ్రమే లేదు. రెండవ స్టిక్ అంటే మరొక కొత్త టీవీ అన్నమాట! ఇంటర్నెట్ లెక్క కూడా వేశాము. హెచ్‌డీ నాణ్యతతో గంట సేపు చూస్తే సుమారు 3 జీబీ వరకు ఖర్చవుతుంది. ఫోనులో రోజుకు వచ్చే 1.5 జీబీ అరగంటకే సరి. కనుక తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్ తప్పనిసరి, దాని నెల బిల్లు వేరు, ఒక్కొక్క యాప్ చందా వేరు. డిష్ రీచార్జి మానుకొని మిగుల్చుకోవాలనుకున్నది మరో మూడు వాకిళ్ల గుండా బయటికి పోతుందని అర్థమైంది.

లెక్క ఇలా సాగుతుండగా పిల్లల దాదీమా తస్బీహ్ పక్కన పెట్టి ఒక్క మాట అడిగారు. “డిష్ తీసేస్తే నా రిమోట్ కూడా పోతుందా?”

అంతవరకు మేమెవరమూ ఆ సంగతి ఆలోచించలేదు. ఆమెకు ఆంగ్లాక్షరాలు రావు. చూపు మందగించింది. ఉర్దూ కార్యక్రమాల ఛానెల్ అంకె, తెలుగు వార్తల ఛానెల్ అంకె ఆమె బొటనవేలికి కంఠస్థం. స్టిక్ రిమోట్‌కు అంకెలే ఉండవు. బొమ్మల వరుసల మధ్య బాణపు గుర్తులతో వెతుక్కోవాలి, లేదా మాటతో ఆజ్ఞాపించాలి. అంటే ఇన్నేళ్లుగా తనకు తానుగా టీవీ పెట్టుకుంటున్న మనిషి, ఇక ఎవరో ఒకరు వచ్చి పెట్టేదాకా కాచుకొని కూర్చోవాలి.

“అయితే డిష్‌తోనే సరిపెట్టుకుందాము” అన్నాము. ఆమె దానికీ ఒప్పుకోలేదు. “ఆ రంజాన్ మరిచిపోయారా?” అన్నారు.

మరువలేదు. 2020 రంజాన్ అది. కరోనా కట్టడి వల్ల మస్జిదులు మూతపడి, తరావీహ్ నమాజులు ఇళ్లలోనే చేసుకున్నాము. మక్కాలోని మస్జిదుల్ హరామ్‌లో కూడా సామాన్య భక్తులు లేకుండా, కొద్దిమందితోనే తరావీహ్ జరిగింది. ఆ ప్రసారం మా డిష్‌లో లేదు, ఇంటర్నెట్‌లో వచ్చింది. మనవరాలు ఫోను పట్టుకుంటే, దాదీమా ఆ అరచేతి అద్దంలో ఖాళీగా ఉన్న కాబా ప్రాంగణాన్ని చూసి కన్నీరు పెట్టుకున్నారు. చిన్న తెరలో కాబా కూడా ఆమెకు సరిగా ఆనలేదు. హజ్‌కు వెళ్లే శక్తి తనకిక లేదని ఆమెకు తెలుసు. ఆ దృశ్యం పెద్ద తెరమీద చూడాలన్న కోరికను ఆ రాత్రి మేము బయటపెట్టనివ్వలేదు. ఆమె ఇన్నాళ్లూ దాచుకున్నారు.

దానితో లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. దాదీమాకు డిష్ కావాలి, ఇంటర్నెట్ కూడా కావాలి.

పెద్దబ్బాయి ఫోనులోనే ఉన్నాడు. “వాన వస్తే డిష్ ఆగిపోతుంది కదా” అని చివరి బాణం వేశాడు. అందరమూ నవ్వాము. అతడి మాట నిజమే. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు పీల్చుకొని చెదరగొడతాయి. కాని పాత అనంతపురం జిల్లాలో ఏటా కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వేరుశనగ చేలు ఆకాశం వైపు చూసే ఈ నేలమీద, వాన వల్ల టీవీ ఆగితే ఎవరూ విసుక్కోరు. రిమోట్ పక్కన పెట్టి వాకిట్లోకి వస్తారు. మాకు అంతకన్నా తరచుగా తెగేది స్తంభాల మీదుగా వచ్చే ఇంటర్నెట్ తీగే.

చివరకు మూడు పనులు చేశాము. పాత బాక్సు స్థానంలో ఇంటర్నెట్ హంగులు లేని మామూలు హెచ్‌డీ బాక్సు తీసుకున్నాము. 2019 నుంచి కావలసిన ఛానెళ్లకే డబ్బు కట్టే వీలుంది కనుక, ఎవరూ చూడనివన్నీ తీసివేయించాము. పెద్దబ్బాయి పంపే రెండు స్టిక్కులలో ఒకటి చాలన్నాము. అది కూడా హాలులోనే ఉంటుంది. గదికొక తెర అయితే, రాత్రి భోజనమయ్యాక ఈ మాత్రం కలిసి కూర్చోవడం కూడా ఉండదని మా భయం.

స్టిక్ వల్ల ఒక మేలు ఉంది. అజాన్ వినిపించగానే ఆపి, నమాజు తరువాత ఆపిన చోటు నుంచే చూడవచ్చు. డిష్‌లో ఆ వీలు లేదు. కాని డిష్‌లో కార్యక్రమం ఒక వేళకు ముగుస్తుంది. ఇందులో ఒక భాగం ముగిసీ ముగియకముందే తరువాతిది దానంతట అదే మొదలవుతుంది. అందుకే వచ్చిన రోజే యాప్‌లలో ఆ సదుపాయాన్ని ఆపివేశాము, పిల్లలకు వేరే ఖాతా పెట్టి పిన్ నంబరు పెట్టాము.

ఇటువంటి ఆలోచనలో ఉన్న కుటుంబాలకు మా మనవి ఇంతే. కొనేముందు టీవీ వెనుక రంధ్రాలు చూసుకోండి, ఇంటర్నెట్ బిల్లునూ యాప్ చందాలనూ ఒకే కాగితం మీద కూడండి. నెలనెలా కట్టే స్తోమత లేనివారు దూరదర్శన్ ఫ్రీ డిష్‌ను తలచుకోండి. 2004 డిసెంబరులో మొదలైన ఆ సేవకు నెలసరి రుసుము లేదు, డీడీ ఉర్దూ అందులో వస్తుంది. వీటన్నిటికన్నా ముందు, ఆ రిమోట్ ఇంట్లో ఎవరి చేతికి అందకుండా పోతుందో అడగండి.

ఇప్పుడు మా హాలులో రెండు రిమోట్లు ఉన్నాయి. దాదీమా రిమోట్‌కు మనవరాలు ఆకుపచ్చ దారం కట్టింది. ఇంటిలో ఒక నియమం పెట్టుకున్నాము: స్టిక్ వాడినవారు లేచేముందు టీవీని తిరిగి డిష్‌కు మార్చి లేవాలి. ఫజర్ నమాజు తరువాత ఆమె ఎవరినీ పిలవకుండానే టీవీ పెట్టుకోగలగాలి. ఒకటి రెండుసార్లు పిల్లలు మరిచిపోయారు, మేము కూడా ఒకసారి మరిచాము. దాదీమా ఏమీ అనలేదు. నల్లని తెర ముందు తస్బీహ్ తిప్పుతూ కూర్చున్నారు. ఆ తరువాత ఎవరమూ మరవలేదు.

ఇన్షా అల్లాహ్, వచ్చే రంజాన్‌లో ఆమె కుర్చీని టీవీకి ఇంకాస్త దగ్గరగా జరుపుతాము.