కంద పరిపాకం

సంస్కృతంలో కందశబ్దానికి భూమిలో ఊరే దుంప అన్నది సామాన్యార్థం. ఋషుల ఆహారంగా వినిపించే కందమూలఫలాలలో ఉన్నది ఈ అర్థమే. హఠయోగ గ్రంథాలు నాభికి దిగువన 72,000 నాడులకు జన్మస్థానమైన గ్రంథిని కూడా కందమనే వ్యవహరించాయి. తెలుగువారు మాత్రం ఆ సామాన్యనామాన్ని ఒకే దుంపకు విశేషనామంగా స్థిరపరచుకున్నారు. దానికి సంస్కృతంలో సూరణమని పేరు; అర్శోవ్యాధిని హరిస్తుందని ఆయుర్వేదం దానిని అర్శోఘ్నమన్నది. ఆవ పెట్టిన కందబచ్చలిగా పెళ్ళిపంక్తిలోనూ, పితృకార్యభోజనంలోనూ సమానంగా ఆదరణ పొందే కూరలు మన వంటలో బహుస్వల్పం. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెత పరిహాసంగా పుట్టినదే గాని, తనలోని గుణంతో తాను బాధింపబడని వస్తువుకు అంతకన్న సులభమైన దృష్టాంతం దొరకదు.

ఈ మొక్క స్వభావం విలక్షణమైనది. పైకి కాండంగా కనబడేది కాండం కాదు. గొడుగువలె విప్పారిన ఒకే ఆకుకు అది తొడిమ. నాటిన దుంప ఆ ఆకును పైకి పంపి, తన సారాన్నంతటినీ ఇచ్చి క్రమంగా కృశిస్తుంది. ఆకు సంపాదించిన ఆహారంతో పాతదుంప మీదనే కొత్తదుంప రూపొందుతుంది. ఏడెనిమిది మాసాలకు ఆకు పసుపుపచ్చనై, తొడిమ మెత్తబడి, నేలకు ఒరిగిపోతుంది. తవ్వుటకు అదే సంకేతం. త్ర్యంబకమంత్రంలోని దోసపండు పక్వమై తొడిమను తానే విడుస్తుంది. కందలో విడిచిపోయేది ఆకు, నిలిచేది కంటికి కనబడని దుంప.

గన్నవరంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంటి పెరటిలో 2024 వైశాఖంలో తొమ్మిది కందగోతులు తీశారు. తీయించినది ఆయన భార్య. గోతులు రెండడుగుల వెడల్పు. చివికిన పశువుల ఎరువు, పైమట్టి, కాస్త బూడిద కలిపి నింపించినది. ప్రతి ముక్కకూ నడిమి మొలకభాగం కొంతైనా ఉండేటట్లు దుంపను కోసి, పేడనీళ్ళలో ముంచి, నీడలో ఆరబెట్టి, ముఖం పైకి ఉండేటట్లు నాటి, ఎండుగడ్డి కప్పినది. కొవ్వూరు పరిశోధనస్థానం నుండి వచ్చిన గజేంద్ర రకం దురద లేనిదని, పెద్దదుంప ఊరుతుందని అందరికీ తెలుసు. ఆమె మాత్రం పుట్టింటి నాటుకందనే పట్టుకున్నది. చింతపండు వేస్తే దురద పోతుంది గాని రుచి ఎక్కడి నుండి వస్తుందని ఆమె వాదం. ఈ విషయంలో పరిశోధకుల పక్షమే సమంజసమని తోచినా, నాటుకంద తిన్నవారు ఒప్పుకోరు.

గోతులలో ఆకులు గొడుగులు విప్పుతున్న ఆషాఢంలో ఆమె దేహం చాలించింది.

మూడు మాసికాలైనా కాకముందే ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ఇంటిని హైదరాబాదులోని కుమారునికి అప్పగించి, కాశీలో క్షేత్రవాసం చేయాలి. సంసారం నిస్సారమని తెలిసిపోయినదని, ఇక తెలియవలసినది లేదని కుమారునితో అన్నారు. ఆ నిశ్చయంలో కపటం లేదు. అందువల్లనే దానిని ఖండించుట ఎవరికీ శక్యం కాలేదు.

శ్రావణం చివర, సెప్టెంబరు 1 నాటికి, విజయవాడ చుట్టుపట్ల కనీవినీ ఎరుగని వర్షం కురిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహాన్ని చూసింది. ఈ పెరటిలోనూ రెండు రోజులు నీరు నిలిచింది. భాద్రపదంలో కంద ఆకులు ఒకటొకటిగా పసుపెక్కాయి. పంట పక్వమైనదని భావించి, ప్రయాణానికి ముందే తవ్వించి ఇరుగుపొరుగుకు పంచాలని ఆయన తలచారు. ఏళ్ళుగా పెరటిపని చేస్తున్న వృద్ధురాలు గునపం కింద పెట్టేసింది.

"ఇది పండుటాకు కాదండీ మాస్టారూ. మొదట్లో కుళ్ళు పట్టింది. ఇప్పుడు తవ్వితే పిడికెడు కూడా రాదు."

మట్టి తొలగించి చూపింది. తొడిమ మొదట తెల్లని బూజుదారాలు, వాటి నడుమ ఆవగింజల వంటి గోధుమరంగు గింజలు. నీరు నిలిచిన నేలలో కందకు వచ్చే మొదలుకుళ్ళు లక్షణమిది. పైనుండి చూచిన వానికి రెండు పసుపులూ ఒకటే. ఒకటి దుంప నిండినందువల్ల వచ్చినది, మరొకటి దుంప నిండకముందే ఆధారం చెడినందువల్ల వచ్చినది.

ఈ భేదాన్ని శాస్త్రం ముందే గుర్తించింది. పురాణ, ప్రసూతి, శ్మశాన వైరాగ్యాలని లోకంలో ప్రసిద్ధమైన విభాగం కొంత హాస్యస్పర్శ కలది. విద్యారణ్యస్వామి జీవన్ముక్తివివేకంలో దానిని గంభీరంగా పరిశీలించి వైరాగ్యాన్ని మందం, తీవ్రం, తీవ్రతరం అని విభజించారు. భార్యాపుత్రధనాదులు నశించినప్పుడు, ఛీ ఈ సంసారమని తత్కాలంలో కలిగే బుద్ధిని మందమన్నారు. దాని మీద సంన్యాసం నిలువదన్నారు. దుఃఖితుని పట్ల ఇది కఠినవాక్యంగా తోచవచ్చు. కాని విద్యారణ్యులు దుఃఖాన్ని అసత్యమనలేదు. అది కాలం తీరని ఆకు అని మాత్రమే చెప్పారు. ఆ గ్రంథాన్ని ఆ ఉపాధ్యాయుడు పూర్వమే రెండుసార్లు చదివి ఉన్నారు. చదివినది పెరటి మట్టిలో కనబడుటకు ఒక చేయి, ఒక గునపం అవసరమయ్యాయి.

కుళ్ళు ముదిరిన నాలుగు మొక్కలను పెకలించి దూరంగా కాల్చారు. మిగిలిన ఐదింటి చుట్టూ నీరు పోవుటకు కాలువ తీసి, మొదళ్ళకు గాలి తగిలేటట్లు గడ్డి సవరించి, ఎండిన తరువాత మట్టి ఎగదోశారు. కార్తికమంతా ఆయన పని అదే. కాశీకి టిక్కెట్టు మార్గశిరానికి, ఆపై మాఘానికి జరిగింది.

పుష్యంలో ఆ ఐదింటి ఆకులూ తమంతట తామే ఒరిగాయి. కందను తవ్వేటప్పుడు గునపం దుంపకు తగులరాదు. గాయపడినది నిలువ ఉండక కుళ్ళుతుంది. అందుచేత చుట్టూ జానెడు దూరం నుండి మట్టి తీస్తూ వచ్చారు. దుంపను పైకెత్తగా దాని అడుగున పాతదుంప తాలూకు ముడుతలు పడిన ఎండుపెంకు అంటుకొని ఉన్నది, లోపల ఏమీ లేదు. వైశాఖంలో భార్య చేతితో నాటిన ముక్క అది. ఆయన దానిని విడదీసి కొంతసేపు అరచేతిలో ఉంచుకొని, తిరిగి ఆ గోతిలోనే వేశారు.

ఒక దుంపను ఆ నెల మాసికానికి వండించారు. చింతపండు వేసినా భోక్తలలో ఒకరికి గొంతు కాస్త దురదపెట్టినదట. మిగిలిన నాలుగు అటకమీద, ఒకదానికొకటి తగలకుండా, గాలి ఆడే చోట పరచి ఉన్నాయి. రెండు మూడు మాసాలు అవి మొలకెత్తవు. వైశాఖానికి గోతులు ఈసారి గట్టుమీద, నీరు నిలువని వైపు తీయాలని వృద్ధురాలితో ఆయన చెప్పి ఉంచారు.