పదకొండో నంబరు

ఓడరేవుల్లో ఎగరవేసే తుఫాను సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పదో నంబరంటే పెను ప్రమాదమని మా తీరప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. పదకొండు అంతకంటే పెద్ద గాలికి గుర్తనుకునేవాణ్ణి చాలాకాలం. కాదట. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఇక కబురు రాదు, ఎవరి జాగ్రత్త వారిదే.

మా ఇంట్లో వీధిగుమ్మం పక్కన ఒక నీలిరంగు సంచి వేలాడుతూ ఉంటుంది. అది ఆ పదకొండో నంబరు కోసమే.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా తీరం దాటింది. పొద్దుటినుంచి కిటికీ రెక్కలను పీకిన గాలి మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది. గండం గడిచిందనుకుని వీధిలో నలుగురూ బయటికి వచ్చారు. అది తుఫాను కన్ను. కాసేపటికి అదే గాలి ఎదుటి దిక్కునుంచి విరుచుకుపడింది. అప్పటిదాకా గట్టిగా నిలిచిన తలుపులు ఆ రెండో గాలికి ఊడిపోయాయి.

అసలు కష్టం మర్నాడు మొదలయింది. కరెంటు లేదు గనుక మోటారు లేదు, మోటారు లేదు గనుక కుళాయిలో నీళ్ళు లేవు. ఏటీఎంలు మూగవోయాయి. నా జేబులో ఉన్న ఒకే ఒక్క వెయ్యి నోటుకు చిల్లర ఇచ్చేవారు లేరు. అమ్మ ఇన్సులిన్ సీసా చల్లదనం లేని ఫ్రిజ్‌లో ఉండిపోయింది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత పెట్టి, సీసాను ముంతలో దాచాను. చెల్లెలికి క్షేమం చెబుదామంటే దాని నంబరు నా ఫోనుకు తెలుసు గాని నాకు తెలియదు. ఆ ఫోను ఆరిపోయి ఉంది.

అందుకే సంచిలోకి మొదట చేరినది ఒక కాగితం. అయినవాళ్ళ నంబర్లన్నీ దానిమీద సిరాతో రాశాను. ఆ తరువాత టార్చిలైటు, చిన్న రేడియో. బ్యాటరీలు లోపల ఉంచితే కారి పాడుచేస్తాయి కనుక విడిగా పొట్లం కట్టాను. అగ్గిపెట్టె, కొవ్వొత్తులు బిగుతు మూత డబ్బాలో. ఒక ఈల: అరిచే గొంతు కాసేపటికి పోతుంది, ఈల పోదు. వారానికి సరిపడా మందులు, డాక్టరు చీటీ. కాగితాల నకళ్ళు ప్లాస్టిక్ కవరులో. పది, ఇరవై, యాభై నోట్లు. అటుకులు, బెల్లం, పుట్నాలు. ఓఆర్‌ఎస్ పొట్లాలు, అవి అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచినవి. నీళ్ళు సంచిలో పట్టవు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు, మూత డబ్బాల్లో వేరే. ఏటా ఉగాదికి ఒకసారి, వినాయకచవితికి ఒకసారి సంచి విప్పుతాము. వేసవి తుఫానులకు ముందు ఒకటి, శీతకాలపు తుఫానులకు ముందు ఒకటి. పాత అటుకులు ఆ పూట ఫలహారమైపోతాయి.

ఇదంతా నా తెలివి అనుకునేవాణ్ణి. కాదు. అమ్మమ్మ నా కంటే ముందే చేసింది.

అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సుమారు 10,000 మందిని మింగింది. వారిలో అమ్మ తమ్ముడు ఒకడు. తొమ్మిదేళ్ళవాడు. ఆనవాలు పట్టలేని దేహాలను గుట్టలుగా దహనం చేసిన రోజులవి. వాడు ఏ గుట్టలో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేదో, అమ్మమ్మకు చివరిదాకా తెలియలేదు.

1990 మేలో మళ్ళీ తుఫాను వస్తోందని మమ్మల్ని బడి భవనంలోకి తరలించారు. బయలుదేరే ముందు అమ్మమ్మ ఒక గుడ్డపీలిక నా మొలతాడుకు కట్టింది. తాయెత్తనుకుని ధైర్యంగా నడిచాను. తెల్లవారాక విప్పి చూస్తే దానిమీద నల్లదారంతో కుట్టిన అక్షరాలు: నా పేరు, నాన్న పేరు, ఊరి పేరు. అది నన్ను కాపాడడానికి కట్టినది కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. కాపాడలేకపోతే, కనీసం ఎవరి బిడ్డనో తెలియాలని కట్టింది.

అన్నీ సర్దిన నేను ఆ ఒక్కటీ ఇన్నేళ్ళూ సర్దలేదు. నా బిడ్డ పేరు అందుకోసం రాయడానికి చేయి ఆడలేదు.

ఈసారి సంచి విప్పినప్పుడు రాశాను. అమ్మ పక్కనే కూర్చుని పుట్నాలు డబ్బాలో పోస్తోంది. పాపది, అమ్మది, నా భార్యది మూడు చీటీలు రాసి, తడవకుండా కవరులో పెట్టి నాడా కట్టాను. ఎందుకని పాప అడిగింది. తప్పిపోతే ఇంటికి చేర్చడానికని చెప్పాను. అబద్ధం కాదు.

"మరి నీది, నాన్నా?"

నేను జవాబు చెప్పేలోగా అమ్మ కలం అందుకుంది. వణికే చేత్తో నా పేరు, నాన్న పేరు, ఊరి పేరు రాసింది. ఊరి పేరు దగ్గర విశాఖపట్నం రాయలేదు. అమ్మమ్మగారి ఊరు రాసింది.

నేను దిద్దలేదు.