అతని పేరు మీద వెయ్యి డాలర్లు

డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ క్యాంపస్‌లో వ్యోమగామి కల్పనా చావ్లా పేరుతో విద్యార్థుల హాస్టల్ ఉంది. ఇంజినీరింగ్ వాళ్ల నెడర్‌మన్ హాల్లో ఆమె జ్ఞాపకాల ప్రదర్శన కూడా ఒకటి పెట్టారు. కర్నాల్‌లో పుట్టి, చండీగఢ్‌లో ఇంజినీరింగ్ చదివి, 1982లో అమెరికా వచ్చిన ఆ అమ్మాయి 1984లో ఎమ్మెస్ పట్టా పుచ్చుకున్నది ఇక్కడే. 2003 ఫిబ్రవరి 1న ఆమె ప్రయాణిస్తున్న కొలంబియా నౌక ముక్కలైందీ ఈ టెక్సస్ ఆకాశంలోనే. ఆ తర్వాత రెండేళ్లకు, 2005లో, ఇదే రాష్ట్రం పడమటి కొసన ఉన్న ఎల్ పాసోలో, యూనివర్సిటీలోని భారతీయ విద్యార్థుల సంఘం వాళ్లు ఆమె పేరుతో గ్రాడ్యుయేట్ విద్యార్థులకు స్మారక స్కాలర్‌షిప్ మొదలుపెట్టారు.

భవనానికి పేరు పెట్టడం గౌరవమే. కానీ నా మనసు ఎల్ పాసో వైపే మొగ్గుతుంది. విద్యార్థి సంఘం అంటే ఎవరు? నలుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్ అద్దె పంచుకునేవాళ్లు, దీపావళి కార్యక్రమానికి టికెట్లు అమ్మి హాలు ఖర్చు రాబట్టుకునేవాళ్లు. అలాంటివాళ్లు తమ తర్వాత వచ్చేవాళ్ల గురించి ఆలోచించారు. కల్పన కూడా బతికున్నప్పుడు చేసింది అదే. తాను చదివిన కర్నాల్ బడి నుంచి ఏటా ఇద్దరు పిల్లలు నాసాకు వచ్చి చూసి వెళ్లేందుకు దారి వేసింది.

ఇలాంటి స్కాలర్‌షిప్ ఒకదాని మంచిచెడ్డలు కొన్నేళ్లుగా నేనూ చూస్తున్నాను. మాతో ఎమ్మెస్ చదివిన ఒక మిత్రుడు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఇక్కడి హైవే మీద ప్రమాదంలో పోయాడు. తెనాలి దగ్గర ఊరు వాళ్లది. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇన్సూరెన్స్ నుంచి వచ్చినదాంట్లో కొంత తీసి, “వాడి పేరు మీద ఎవరైనా చదువుకుంటే బాగుంటుంది బాబూ. మన జిల్లా పిల్లలైతే ఇంకా సంతోషం,” అన్నారు ఫోన్‌లో. మిగిలింది స్నేహితులం వేసుకున్నాం. అందరం కలిపి పాతిక వేల డాలర్లు చేశాం.

ఇక్కడి యూనివర్సిటీల్లో శాశ్వత నిధి పెట్టాలంటే చాలాచోట్ల కనీసం అంత ఉండాలి. కొన్నిచోట్ల యాభై వేలు అడుగుతారు. అసలు కదలదు. దాన్ని మదుపు పెట్టి ఏటా సుమారు నాలుగు శాతం ఖర్చుకి తీస్తారు. పాతిక వేలకి నాలుగు శాతమంటే వెయ్యి డాలర్లు. ఏడాదికి వేలకు వేలు ఫీజు కట్టే విద్యార్థికి ఇది ఏ మూలకి వస్తుందని మాలో చాలామందికి దిగులేసింది.

దానికి జవాబు టెక్సస్ చట్టంలో ఉంది. తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి వివరంగానే చెబుతాను. ఈ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో బయటి విద్యార్థులు రాష్ట్రవాసుల కంటే చాలా ఎక్కువ ఫీజు కడతారు. ఇటీవలి ఏళ్లలో ఆ తేడా క్రెడిట్‌కి నాలుగు వందల డాలర్ల పైమాటే. అయితే యూనివర్సిటీ గుర్తించిన కమిటీ, చదువు ప్రతిభ చూసి, పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం వెయ్యి డాలర్లు వస్తే, ఆ విద్యార్థి ఏ దేశంవాడైనా సరే, రాష్ట్రవాసులు కట్టే ఫీజే కట్టొచ్చు. ఏడాదికి పద్దెనిమిది క్రెడిట్లు చదివే ఎమ్మెస్ విద్యార్థికి మిగిలేది ఏడు వేల డాలర్లు దాటుతుంది. యూనివర్సిటీ ఇలాంటి మినహాయింపు ఎంతమందికైనా ఇవ్వలేదు. మొత్తం విద్యార్థుల సంఖ్యలో ఐదు శాతం దాటకూడదని పరిమితి ఉంది. అయినా సరే, వెయ్యి డాలర్లు ఏడు వేల డాలర్ల తలుపు తీయగలవని తెలిసిన రోజు మాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆ చట్టంలోనే ఒక షరతుంది. ఆ స్కాలర్‌షిప్ కోసం టెక్సస్ విద్యార్థులతో సహా అందరూ పోటీ పడే వీలుండాలి. ‘మా జిల్లావాళ్లకే’ అని రాస్తే ఫీజు తగ్గింపు రాదు. ‘భారతీయులకే’ అన్నా రాదు. విరాళాల విభాగంలో పనిచేసే ఆవిడ ఓపికగా ఇదంతా చెబితే, నేను మాస్టారుకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదాయన. తర్వాత, “అందరితో పోటీ పడి తెచ్చుకుంటేనే కదా పిల్లలకీ గౌరవం. అలాగే రాయించండి,” అన్నారు.

ఎంపిక యూనివర్సిటీ కమిటీదే. డబ్బిచ్చినవాళ్లకి అందులో చోటు లేదు, ఉండకూడదు కూడా. కొన్నేళ్లు మన పిల్లలకి వచ్చింది. ఒకసారి నేపాల్ అమ్మాయికి, ఒకసారి సరిహద్దు అవతల మెక్సికో నుంచి వచ్చిన అబ్బాయికి వచ్చింది. తీసుకున్నవాళ్లు దాతలకి రాసే ఉత్తరాలు నాకు చేరతాయి. నేను మాస్టారుకి తెలుగులో చెబుతాను. ఏ దేశమని ఆయన ఎప్పుడూ అడగరు. ఏం చదువుతోంది, ప్రాజెక్టు దేని మీద, లెక్కలు ఎంతవరకు చదివింది, ఇవే ఆయన ప్రశ్నలు.

కొత్తగా నిధి పెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా మొదటి సెమిస్టర్ విద్యార్థినే ఊహించుకుంటారు. విమానం దిగిన పిల్లాడి చేతిలో చెక్కు పెట్టాలని ఉంటుంది. నా అనుభవంలో అసలు ఇబ్బంది చివరి సెమిస్టర్‌లో వస్తుంది. వీసాకి కావలసిన ఐ-20 పత్రం కోసం మొదటి ఏడాది ఖర్చు చూపించక తప్పదు కాబట్టి ఆ డబ్బు ఎలాగో సర్దుకుంటారు. బ్యాంకు లోను రూపాయల్లో మంజూరవుతుంది, ఫీజు డాలర్లలో కట్టాలి. చదివే రెండేళ్లలో డాలరు పెరిగితే లోను అక్కడే ఆగిపోతుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకి అమెరికా ప్రభుత్వ విద్యా సహాయం వర్తించదు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి ఇరవై గంటలు మించకుండా, అదీ క్యాంపస్‌లోనే పని చేసుకోవాలి. పాత బాకీ ఉంటే యూనివర్సిటీ ఖాతా మీద హోల్డ్ పడుతుంది, అప్పుడు కొత్త క్లాసులకి రిజిస్టర్ అవడానికి ఉండదు. రిజిస్టర్ కాకపోతే ఫుల్‌టైం విద్యార్థి కాడు, ఫుల్‌టైం కాకపోతే వీసా హోదాకే ముప్పు. పదిహేను వందలో రెండు వేలో తక్కువై పట్టా అందే ముందు ఇలా ఇరుక్కుపోయే పిల్లలున్నారు. తెలంగాణ ప్రభుత్వం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇచ్చే ఇరవై లక్షల లాంటి పెద్ద సాయం ప్రభుత్వాలే చేయగలవు. స్నేహితులు కూడబెట్టిన చిన్న నిధి ఇలాంటి చివరి గండం గట్టెక్కించగలదు.

డబ్బు విద్యార్థి చేతికి కాక ఫీజు ఖాతాకే వెళ్లేలా రాయించుకోవడం కూడా మంచిది. ట్యూషన్‌కీ తప్పనిసరి ఫీజులకీ వెళ్లిన స్కాలర్‌షిప్ మీద పన్ను పడదు. అద్దెకీ తిండికీ ఇచ్చినదాని మీద ఎఫ్-1 విద్యార్థికి మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు.

పోయినవాళ్ల సొమ్ముతో పరదేశంలో చదువుకోవడం మనకి నిన్నా మొన్నా వచ్చిన ఆలోచన కాదు. రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మానికి రాసిచ్చారు. కాకినాడలోని ఆ ధర్మనిధి అండ, మామగారు సర్దిన డబ్బు కలిస్తేనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో బోస్టన్ ఓడెక్కగలిగారు. అంతకు ముందే స్ప్రూ వ్యాధి ఆయన సోదరుణ్ణి తీసుకుపోయింది. హార్వర్డ్‌లో చదువుకుంటూ, రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టర్‌గా పనిచేశారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ రోగులకు అందుతున్నాయి. సోదరుణ్ణి మింగిన స్ప్రూకి ఆ ఫోలిక్ ఆమ్లమే మందైంది. సుబ్బారావు గురించి చెప్పుకునే మనం నాయకర్ పేరు కూడా చెప్పుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎవరికి ఇస్తున్నారో, ఆ చదువు ఎందుకు పనికొస్తుందో ఆ వర్తకుడికి తెలిసే వీలే లేదు. అయినా ఇచ్చారు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతాలో ద్వేషంతో పేలిన తూటాకి బలైన హైదరాబాద్ ఇంజినీరు ఎమ్మెస్ చదివింది ఎల్ పాసోలోనే, కల్పన పేరుతో స్కాలర్‌షిప్ ఉన్న ఆ యూనివర్సిటీలోనే. అప్పట్నుంచి ఇప్పటిదాకా కాల్పులనీ, రోడ్డు ప్రమాదాలనీ, చెరువుల్లో మునిగారనీ మన పిల్లల గురించి వింటూనే ఉన్నాం. వార్త తెలిసిన గంటల్లోనే గోఫండ్‌మీ పేజీ తెరుచుకుంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఇరవయ్యో యాభయ్యో వేస్తారు. తానా టీమ్ స్క్వేర్ లాంటి బృందాల వాళ్లు రాత్రీపగలూ కాగితాల పని చూసి భౌతికకాయాన్ని ఇంటికి చేరుస్తారు. మనవాళ్ల గొప్ప గుణాల్లో ఇదొకటి, మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఆ వచ్చినదాంట్లో మిగిలింది స్మారక నిధిగా పెడదామని తొందరపడేవాళ్లకి నా మాట ఒకటే. ముందు లోను సంగతి చూడండి. పిల్లాడి చదువు అప్పుకి తండ్రి సంతకం ఉంటుంది, చాలాసార్లు ఇల్లో పొలమో తనఖాలో ఉంటుంది. బిడ్డని పోగొట్టుకున్న ఇంటికి నెల తిరక్కుండా బ్యాంకు నోటీసు వెళ్తుంటే, ఇక్కడ అతని ఫోటో పెట్టి స్కాలర్‌షిప్ ప్రకటించడం నాకు సమ్మతం కాదు. అప్పు తీరాక, ఏడాది గడిచాక, తల్లిదండ్రులు తమంతట తాము కోరుకుంటే అప్పుడు పెట్టాలి. అప్పుడైనా వేరే ట్రస్టు పెట్టి లెక్కల భారం మోయడం కంటే, పిల్లాడు చదివిన యూనివర్సిటీలోనే నిధి పెట్టడం మేలు. ఊళ్లు మారే స్నేహితులు పదేళ్ల తర్వాత ఎక్కడుంటారో ఎవరికి తెలుసు? యూనివర్సిటీ ఎక్కడికీ పోదు.

మొన్న మాస్టారు తన పింఛనులో దాచింది కొంత పంపుతానన్నారు. వద్దంటే వినలేదు. దానికి స్నేహితులం మేమూ కలిపితే, ఏడాదికి ఒకరికి కాక ఇద్దరికి ఇవ్వొచ్చు. రెండోది చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లకే ఉంచమన్నారు. ఇంకో మాట కూడా అడిగారు. మా ఒప్పందంలో జీపీఏ 3.5 పైన ఉండాలని రాసి ఉంది. “ఆ రెండోదానికి మాత్రం 3 చేయించండి బాబూ. రాత్రి దాకా పనిచేసి పొద్దున్నే క్లాసుకెళ్లే పిల్లలకి పోయేది ఆ అర పాయింటే కదా,” అన్నారు. ముప్ఫై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దిన మనిషి మాట అది. ఒప్పందంలో ఆ మార్పు కోరుతూ ఉత్తరం తయారుచేసి నిన్ననే మిత్రులందరికీ సంతకాలకి పంపాను. ఫాల్ దరఖాస్తులు మొదలయ్యేలోగా అది యూనివర్సిటీకి చేరాలి.