అన్నమా, రొట్టెయా?

ఉద్యోగరీత్యా సూరత్‌లో స్థిరపడిన మా తెలుగు కుటుంబాలు నాలుగు కలిసిన చోట, మాట తప్పక చక్కెర వ్యాధి మీదికి మళ్ళుతుంది. నేరమంతా అన్నానిదే అంటారు; జొన్నరొట్టెను మందువలె తింటారు.

ఆహారం రక్తంలో చక్కెరను ఎంతగా పెంచునో తెలిపే గ్లైసీమిక్ సూచికను 1981లో టొరంటోకు చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. ధాన్యం పేరొక్కటే కాదు, దానిని దంచిన, విసిరిన, వండిన తీరు కూడా ముఖ్యమే. పాలిష్ బియ్యంకంటే జొన్నలో పీచు ఎక్కువ. కాని మెత్తగా విసిరిన పిండి త్వరగా అరుగుతుంది. ఇక్కడి శీతకాలపు పోంక్ మన ఊచబియ్యమే. దానిపై చల్లే సేవ్ మాత్రం నూనెలో వేగినది. డుమస్ తీరాన పూరీగా వేయించే రతాళు మన పెండలమే. ఉడికించి తింటే ఆ నూనె ఉండదు.

అందుచేత అన్నం మాని ఐదు రొట్టెలు తినుట పథ్యం కాదు. ఏదైనను కొలత తగ్గించి, పప్పు, ఆకుకూరలు పెంచుకొనుట మేలు. మందులు, ఇన్సులిన్ వాడువారు వైద్యుని అడుగక అన్నం ఒక్కసారిగా మానరాదు; చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును.

మా కంచంలో రెండింటికీ చోటున్నది, మారవలసినది కొలతే.