తోలుబొమ్మకు తోబుట్టువు

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. బొమ్మను కొంచెం జరపడం, ఫ్రేము తీయడం, మళ్లీ జరపడం: పొట్టి యానిమేషన్ చిత్రాల్లో చాలావాటికి ఇదే పునాది. తోలుబొమ్మలాట ఎరిగిన తెలుగువారికి వీటిలో నీడబొమ్మల పద్ధతి ఇట్టే పట్టుబడుతుంది. అనంతపురం సీమలోని నిమ్మలకుంటలో మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, కీళ్లను దారంతో ముడివేస్తారు. జర్మనీలో లొట్టె రైనిగర్ 1922లో సిండ్రెల్లా కథను నల్లకాగితపు బొమ్మలతో, కింది నుంచి వెలుగుపడే గాజుబల్ల మీద తీశారు. కనుముక్కు తీరు కనిపించని ఆ నీడలు మెడ వంపుతో, వేళ్ల కదలికతో దుఃఖం పలికించడం నిజంగా అబ్బురం. బొమ్మలకు బదులుగా యానిమేటర్ కరోలిన్ లీఫ్ గాజు మీద ఇసుకను కదిపారు. మరో యానిమేటర్ అలెగ్జాండర్ పెత్రోవ్ హెమింగ్వే ముసలి జాలరి కథను 1999 నాటి తన చిత్రం కోసం గాజు మీద తైలవర్ణాలతో, ఎక్కువగా వేలికొసలతోనే చిత్రించారు, ఆస్కార్ అందుకున్నారు.