పారిస్‌లో పూటకూళ్ళ ఇల్లు

పారిస్ అనగానే మనవాళ్ళకు ఈఫిల్ గోపురం, లూవ్ర్ చిత్రశాల, సెంటు బుడ్లు జ్ఞాపకం వస్తాయి. తిండి సంగతి వచ్చేసరికి మాత్రం వెండి గిన్నెలూ, తెల్ల చేతిజోళ్ళ నౌకర్లూ, గుండె ఆగిపోయే బిల్లులూ తలుచుకుని బెదిరిపోతారు. అలాంటి హోటళ్ళు అక్కడ లేకపోలేదు. కాని పారిస్‌వాడు నిత్యం తినేది వాటిలో కాదు. వీధి మలుపులో పది పన్నెండు బల్లలతో, మొగుడు వంట చేస్తుంటే పెళ్ళాం వడ్డిస్తూ నడుపుకునే చిన్న భోజనశాల ఒకటి ఉంటుంది. దాని పేరు బిస్ట్రో. మన పాత పట్నాలకు పూటకూళ్ళమ్మ ఇల్లు ఎలాంటిదో, పారిస్ పేటలకు బిస్ట్రో అలాంటిది. ద్రాక్షసారాయి కూడా పోస్తారు. అదొక్కటే తేడా అనుకోండి.

ఆ పేరు ఎలా వచ్చిందన్న దానికి ఒక కథ ఉంది. 1814లో నెపోలియన్ ఓడిపోయి, రష్యా సైన్యం పారిస్‌లో దిగినప్పుడు సిపాయిలు దుకాణాల్లో దూరి, బల్లలు చరుస్తూ, "బిస్త్రా! బిస్త్రా!" అని కేకలు వేశారట. వాళ్ళ భాషలో ఆ మాటకు "త్వరగా" అని అర్థం. మోన్‌మార్త్ర్ గుట్టమీద ఒక హోటలు గోడకు ఈ సంగతి చెక్కిన ఫలకం కూడా ఉంది. భాషావేత్తలు మాత్రం ఈ కథను నమ్మరు. 1880ల ముందు ఆ మాట అచ్చులో కనబడదు; మధ్యనున్న డెబ్భై ఏళ్ళూ అది ఎక్కడ దాక్కుందని వాళ్ళ ప్రశ్న. నన్నడిగితే, అక్కడ ఒక పూట భోంచేసినవాడెవడూ "త్వరగా" అన్న అర్థాన్ని ఒప్పుకోడు.

కథ మాట ఎలా ఉన్నా, చాలా బిస్ట్రోల వంశవృక్షం మాత్రం తెలిసిందే. ఫ్రాన్సు నడిబొడ్డున ఓవేర్న్ అనే కొండసీమ ఉంది. దాని దక్షిణాన్నే అవేరోన్ జిల్లా. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి బీదవాళ్ళు పొట్ట చేతపట్టుకుని పారిస్ చేరారు. మొదట ఇళ్ళకు నీళ్ళు మోశారు. కుళాయిలు వచ్చాక బొగ్గులు మోశారు. మొగుడు బొగ్గుల బస్తా భుజాన వేసుకుని మేడలెక్కుతుంటే, పెళ్ళాం కొట్టుముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళకు ద్రాక్షసారాయి అమ్మేది. "సారాయి - బొగ్గులు" అని బోర్డు కట్టిన అలాంటి కొట్లు పారిస్ నిండా ఉండేవి. వాటిని నడిపేవాళ్ళను "బున్యా" అనేవారు. సారాయితోపాటు పొయ్యిమీద ఏదో ఒక కూర ఉడకడం మొదలైంది. కొట్టు కాస్తా భోజనశాల అయింది.

2024 అక్టోబరులో నేను పారిస్ వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నన్ను అలాంటి చోటికే తీసుకుపోయాడు. అతను అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. పదకొండవ వార్డులో కాపురం. ఒకప్పుడు కొయ్యసామాను చేసే వడ్రంగులకు పేరుపడ్డ పేట అది. దారిలోనే నాకు ఉపదేశం చేశాడు.

"మావయ్యా, లోపల అడుగు పెట్టగానే 'బొంజూర్ మదామ్' అనాలి. ఆ తరవాతే ఏ మాటైనా."

"అనకపోతే అన్నం పెట్టరా?"

"పెడతారు. మొహం మాత్రం చిట్లించుకుని పెడతారు."

సరేనని నేనూ ఆ మంత్రం జపిస్తూనే వెళ్ళాను. మన యానాం పెద్దలకైతే ఈ ఉపదేశం అక్కరలేదు. 1954 దాకా అక్కడ ఫ్రెంచివారి పాలనే గదా!

పన్నెండున్నర అయింది. లోపల గోడలకు పాత అద్దాలు, గోడవారగా ఎర్రతోలు పరిచిన పొడుగు బెంచీలు, వంపు కొయ్యతో చేసిన కుర్చీలు. గుమ్మం పక్కనే జింకురేకు తాపిన ఎత్తు బల్ల. దాని దగ్గర నిలబడి కాఫీ తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఇంకాస్త ఎక్కువ. అరవై దాటిన ఇల్లాలు ఒకావిడ చేతిలో నాలుగు పళ్ళేలతో గిరగిరా తిరుగుతూనే మా "బొంజూర్"కు జవాబు చెప్పి, ఒక బల్ల చూపించింది. ఖాళీ కనబడింది గదా అని మనంతట మనం వెళ్ళి కూర్చోవడం అక్కడి పద్ధతి కాదు.

వంటకాల జాబితా ఒక పలకమీద సుద్దతో రాసి ఉంది. ఆ పలకను ఎత్తుకొచ్చి మా ఎదురుగా కుర్చీలో నిలబెట్టింది. మొదటి వంటకాలు మూడు, అసలు వంటకాలు మూడు, తీపి వంటకాలు మూడు, అంతే. రెండు వంటకాలు తింటే 19 యూరోలు, మూడూ తింటే 23. అప్పట్లో యూరో అంటే 90 రూపాయల దరిదాపు. మన లెక్కకు ఎక్కువే గాని, పారిస్ లెక్కకు గుమాస్తా భోజనమే. ఉద్యోగులకు కంపెనీలు సగం ఖర్చో, ఇంకొంచెం ఎక్కువో భరించి భోజనం టిక్కెట్లు ఇస్తాయి. 1967లో పెట్టిన ఏర్పాటు అది. చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది ఆ లెక్కన తింటున్నవారే.

నేను గుడ్డు దాకా వచ్చాను గాని ఆ పైన పోలేదు. ఆ రోజు వంటకమేమో దూడమాంసం. ఉల్లిపాయల పులుసు అడుగుదామంటే, అది గొడ్డుమాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారని మేనల్లుడు చెవిలో ఊదాడు. ఆవిడతో నా సంగతి విన్నవించాడు. ఆవిడ కాసేపు నన్ను జాలిగా చూసి, వంటింట్లోకి వెళ్ళి, తిరిగివచ్చి చెప్పింది: "కాయధాన్యాల కూర ఉంది గాని అందులో పందిమాంసం ముక్కలు పడ్డాయి, ఆయనకు పనికిరాదు. పుట్టగొడుగులతో ఆమ్లెట్టు వేయిస్తాను." జాబితాలో లేని వంటకం అది. అడక్కుండానే పందిమాంసం సంగతి చెప్పడం నాకు మరీ నచ్చింది.

మొదట వచ్చింది పోరో. అదొక రకం పెద్ద ఉల్లికాడ. మెత్తగా ఉడికించి, చల్లార్చి, ఆవముద్దా నూనే పులిసిన సారాయీ కలిపిన రసం పైన పోశారు. నోట్లో పెట్టుకుంటే ఆవ ఘాటు ముక్కుకెక్కింది. ఏడువేల కిలోమీటర్లు వచ్చి, ఆవ పెట్టిన కూర తింటున్నానని నవ్వొచ్చింది. తరవాత ఆమ్లెట్టు. మనలా ఎర్రగా కాల్చరు; పైన పసుపుపచ్చగా, మధ్యలో ఇంకా జారుగా ఉండాలట. మొదట సందేహించాను గాని, నాలుగు ముద్దలయ్యేసరికి సందేహం తీరింది. చివర "రీ ఓ లే" అని ఒక గిన్నె తెచ్చిపెట్టింది. బియ్యం పాలలో ఉడికించి పంచదార వేసిన పరమాన్నం! ఏలకులకు బదులు వనిల్లా పడింది, అంతే భేదం. వేడిగా కాక చల్లగా తింటారు. కాఫీ ఇదంతా అయిన తరవాతే. భోజనంతో కలిపి అడిగితే వింతగా చూస్తారు.

రొట్టెముక్కల బుట్ట అడక్కుండానే వస్తుంది, అయిపోతే మళ్ళీ వస్తుంది. దానికి పద్దు లేదు. ఆ రొట్టెకు పళ్ళెం ఉండదు, బల్లగుడ్డమీదే పెట్టుకోవాలి. పళ్ళెంలో మిగిలిన రసాన్ని రొట్టెముక్కతో తుడుచుకు తింటే తప్పులేదు. వంటవాడు సంతోషిస్తాడు కూడా. కుళాయినీళ్ళ కూజా కూడా ఉచితమే. 2022 నుంచి అలా ఇవ్వడం చట్టరీత్యా తప్పనిసరి చేశారు. వడ్డన ఖర్చు ధరలోనే కలిసి ఉండాలని 1987 నుంచి నిబంధన ఉంది. కాబట్టి బక్షీసు ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అన్నిటికన్నా నాకు ముచ్చటేసినదేమంటే, మనం నోరు తెరిచి అడిగేదాకా బిల్లు తేరు. తిన్నవాణ్ణి లేచిపొమ్మన్నట్టు బిల్లు బల్లమీద పెట్టడం మర్యాద కాదట.

మా పక్క బల్ల దగ్గర ఒక వృద్ధుడు ఒక్కడే కూర్చున్నాడు. కోటు, మెడగుడ్డ, శుభ్రంగా గీసిన గడ్డం. ఆయన ఏమీ అడగలేదు. ఆవిడా ఏమీ అడగలేదు. పళ్ళెం వచ్చింది, తిన్నాడు. పోతూ పోతూ ఆవిడ ఆయన మోకాలినొప్పి గురించి అడిగింది కాబోలు, ఆయన మోకాలు తట్టి చూపించాడు. పూర్వం ఇలాంటి నిత్యాతిథుల చేతిరుమాళ్ళకు నంబరు వేసిన సొరుగులు ఉండేవి. 1845 నాటి పోలిదోర్‌లోనూ, 1896 నాటి షార్తియేలోనూ ఆ సొరుగులు కనిపిస్తాయి. ఇప్పుడు కాగితం రుమాళ్ళు వచ్చాయి గాని, ఈయనకు మాత్రం ఆవిడ ఉతికిన గుడ్డ రుమాలే ఇచ్చింది.

రెండున్నరకు వంటిల్లు కట్టేశారు. జనం పలచబడ్డాక ఆవిడ మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. మేనల్లుడు దుబాసీ. ఆవిడ తాతగారు అవేరోన్ నుంచి వచ్చి బొగ్గులు మోసినవాడే. తండ్రి బొగ్గుల గదిని వంటిల్లు చేశాడు. ఆ వృద్ధుడి సంగతి అడిగాను. "భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. వారానికి అయిదు రోజులు ఇక్కడే తింటాడు. ఆదివారం మేం మూస్తాం, సోమవారం వచ్చేసరికి కాస్త నీరసంగా కనిపిస్తాడు," అంది.

2015 నవంబరు 13 రాత్రి హంతకులు ఈ పేటలోనూ, పక్క పేటలోనూ హోటళ్ళముందు వీధి బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళను కాల్చిచంపారు. ఆ మాట ఎత్తగానే ఆవిడ గొంతు తగ్గింది. "రెండు రోజులు తలుపు తియ్యలేదు. మూడోనాడు తీశాను. వచ్చినవాళ్ళు తినలేదు, ఊరికే కూర్చున్నారు. నేనూ బిల్లు రాయలేదు." 2020 మార్చి 14 అర్ధరాత్రి కరోనావల్ల దేశంలోని భోజనశాలలన్నీ మూయించారు. వేసవిలో తెరిచి, అక్టోబరు చివర మళ్ళీ మూశారు. 2021 మే 19న వీధి బల్లలకూ, జూన్ 9న లోపలి బల్లలకూ అనుమతి వచ్చింది. ఆ నెలల్లో ఈవిడ ఆ వృద్ధుడికి గిన్నెలో పులుసు పోసి, మూడో అంతస్తు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేదట.

"మరి మీ తరవాత ఎవరు?" అన్నాను.

ఆవిడ చేతులు బల్లమీద పరిచి చూసుకుంది. కొడుకు ఇంజనీరు, కూతురు లియోన్‌లో టీచరు. తెల్లవారుజామున లేచి కూరగాయలు తరిగే పని వాళ్ళకు వద్దు. మొగుడికి నడుంనొప్పి. వచ్చే వేసవికి అమ్మేస్తారు. కొంటామని వచ్చినవాళ్ళలో ఇద్దరు బట్టలకొట్టు పెడతారట. ఒకడు మాత్రం వంటవాడు, కాని అతని దగ్గర డబ్బు చాలదు. "ఎక్కువ ఇచ్చేవాడికి అమ్మాలా, వండేవాడికి అమ్మాలా అని రాత్రిళ్ళు దెబ్బలాడుకుంటున్నాం," అని నవ్వబోయి ఆగింది. మేనల్లుడు ఈ మాట తెలుగులో చెప్పి, తనూ ఊరుకున్నాడు.

ఇది ఒక్కరి గొడవ కాదు. 1960 ప్రాంతంలో ఫ్రాన్సు మొత్తంమీద కాఫీ హోటళ్ళూ బిస్ట్రోలూ కలిపి దాదాపు 2 లక్షలు ఉండేవి. ఇటీవలి లెక్కల్లో 40 వేలకు లోపే. అద్దెలు పెరిగాయి, పల్లెలు ఖాళీ అయ్యాయి, మధ్యాహ్నం గంటన్నర కూర్చుని తినే తీరిక ఉద్యోగులకు తగ్గింది. ఎక్కడో యంత్రశాలలో వండి సంచుల్లో వచ్చిన కూరను వేడిచేసి పెట్టే హోటళ్ళూ బయలుదేరాయి. వాటినుంచి వేరుగా తెలియడానికి 2014లో ప్రభుత్వంవారు "ఇంట్లో వండినది" అనే గుర్తు పెట్టారు: గిన్నెమీద ఇంటికప్పు బొమ్మ.

ఫ్రెంచివారి విందు భోజనాన్ని 2010లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. వాళ్ళ పొడుగురొట్టె బాగెత్ తయారీని 2022లో గుర్తించింది. బిస్ట్రోల సంప్రదాయాన్ని 2024లో ఫ్రాన్సు తన జాతీయ వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. జాబితాలో ఎక్కడం గౌరవమే. కాని ఉల్లికాడలు ఎవరో ఒకరు ఉడికించాలి, మోకాలినొప్పి ఎలా ఉందని ఎవరో ఒకరు అడగాలి. మన పట్నాల్లో మెస్సులు నడిపిన ఇల్లాళ్ళు ఎందరు పొయ్యి ఆర్పేశారో మీకూ తెలుసు, ఆ పూట భోజనం మరోచోట దొరికింది గాని, "నిన్న రాలేదేం నాయనా?" అని అడిగేవారు దొరకలేదు.

పారిస్ వెళ్ళే తెలుగువారెవరైనా ఉంటే నా మనవి ఇది. ఈఫిల్ గోపురం నీడలో ఆరు భాషల్లో జాబితా తగిలించిన హోటలు వదిలేసి, నాలుగు వీధులు లోపలికి వెళ్ళండి. పలకమీద సుద్దరాత ఉందో లేదో, లోపల ఆ పేటవాళ్ళు ఉన్నారో లేదో చూడండి. శాకాహారులైతే ముందే విప్పి చెప్పండి. చీజు విషయంలో పట్టింపు ఉంటే అదీ అడగండి, చాలా చీజులు దూడ పొట్టలోని పదార్థంతో తోడుపెడతారు. "బొంజూర్ మదామ్" మరవకండి. ఒంటిగంటలోపు చేరుకోండి, రెండు దాటితే పొయ్యి ఆర్పేస్తారు.