గొర్రెలకు శుక్రవారం లేదు

క్రిస్మస్ దగ్గర పడుతోంది కదా, ఈసారి మీ క్రైస్తవ కుటుంబాలవారు ఏదైనా రాసివ్వండి, నిజమైన విశ్వాసం రోజువారీ బతుకులో ఎలా ఉంటుందో నాలుగు మాటలు చెప్పండి అని సంపాదకులు అడిగారు. మేము పాదిరులం కాము. మా నాలుగు కుటుంబాల్లో ఇద్దరు ఇంజనీర్లు, ఒక నర్సు, ఒక స్కూలు టీచరు, ఒక ఎకౌంటెంటు ఉన్నారు. ప్రసంగం రాస్తే మన పత్రిక చదివేవారు పేజీ తిప్పేస్తారని మాకు తెలుసు. మేమైనా తిప్పేస్తాం. అందుకని ఒక సాయంత్రం కూర్చుని, మనం చూసిన విశ్వాసం ఎవరిలో ఉందో చెప్పుకుందాం అనుకున్నాం. ఒకరు తాతగారి పేరు చెప్పారు, ఒకరు చిన్నప్పటి సండేస్కూలు టీచరు పేరు చెప్పారు. టీ రెండోసారి వచ్చేసరికి మాత్రం అందరం కబ్ద్‌లో గొర్రెలు కాసే ఒక మనిషి దగ్గరికి చేరాం.

ఆయన పేరు రాయడం లేదు. ఒకరి దగ్గర పని చేసుకుని బతికే మనిషి, పేరు అచ్చులో పడితే ఆయనకే ఇబ్బంది. నరసాపురానికీ పాలకొల్లుకీ మధ్య ఊరు. యాభై దాటాయి. మా పిల్లలు ఆయన్ని పెదనాన్న అంటారు, మేము అన్నయ్యగారు అంటాం.

కబ్ద్ అంటే మనలో చాలామందికి చలికాలపు గుడారాలు గుర్తుకొస్తాయి. నవంబరు నడిమి నుంచి మార్చి నడిమి దాకా కువైటీ కుటుంబాలు ఎడారిలో డేరాలు వేసుకుంటాయి, మనమూ ఒక శుక్రవారం పులిహోర డబ్బాలు కట్టుకుని వెళ్లి ఫొటోలు తీసుకుని వస్తాం. ఆ రోడ్డు దిగి లోపలికి వెళితే రేకులూ ఇనప కంచెలూ కట్టిన దొడ్లు వరసగా ఉంటాయి. ఇక్కడివాళ్లు జాఖూర్ అంటారు. గొర్రెలు, మేకలు, ఒంటెలు, కొన్నిచోట్ల గుర్రాలు. నీళ్లు ట్యాంకరులో వస్తాయి, మేత బార్లీ మూటల్లో వస్తుంది. ప్రతి దొడ్డి మూలా ఒక గది. ఆ గదిలో ఉండేది సూడాన్ వాడో బంగ్లాదేశ్ వాడో మన కడప వాడో గోదావరి వాడో అయి ఉంటాడు. ఈ దేశంలోనే మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదయింది. ఆ రోజున మనం ఏసీ పనిచేయడం లేదని మెయింటెనెన్సు వాళ్లకు ఫోన్లు చేస్తూ ఉన్నాం. జాఖూర్‌లో ఉన్నవాళ్లు గొర్రెలకు నీళ్లు చల్లుతూ ఉన్నారు.

కువైట్‌లో ఆదివారం పనిరోజు కనుక మా ఆరాధన శుక్రవారం. పట్నంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక భాషవారు లేస్తే ఇంకో భాషవారు కూర్చుంటారు. తెలుగువాళ్లమూ మా గంట కోసం కారిడారులో నిలబడి ఎదురుచూస్తాం. ఇళ్లలో పనిచేసే అక్కలకు వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని 2015 నాటి 68వ నంబరు చట్టం చెప్పింది. ఆ సెలవు నిజంగా దొరికినవాళ్లు రెండు బస్సులు మారి వస్తారు. అన్నయ్యగారు మాత్రం రాలేరు. మేము మొదటిసారి కలిసినప్పుడు, సంవత్సరానికి ఒక్కసారయినా చర్చికి రావచ్చు కదండీ అని అడిగితే, "గొర్రెలకు శుక్రవారం లేదు కదండీ" అన్నారు. ఫిర్యాదులా అనలేదు, ఉన్నమాట చెప్పారు.

ఆయన్ని కలవడం కూడా మందుల పని మీదే. 2018లో ఊరినుంచి ఎవరో బి.పి. మాత్రలు పంపారు, కబ్ద్‌లో ఇవ్వాలి, కారున్నవాళ్లు ఎవరైనా వెళ్లండి అని ఫోను వచ్చింది. వెళ్లాం. గదిలో ఒక మంచం, గ్యాసు స్టవ్, బైబిలు, బైబిలు పక్కన ఇంకో పుస్తకం. రెండోది స్కూలు పిల్లల నోటుబుక్కు. తేదీ, పుట్టిన పిల్లలు, చచ్చినవి, జబ్బువి, వాడిన మేత మూటలు, అన్నీ తెలుగులో గుండ్రటి అక్షరాలతో ఉన్నాయి. కఫీల్ రాయమన్నాడా అంటే లేదన్నారు. ఆయనకు తెలుగు రాదు కదా, ఎవరికోసం రాస్తారు అంటే నవ్వి ఊరుకున్నారు. గొర్రె చస్తే ఆ రోజే రాస్తారు, ఆ రోజే ఫోను చేసి చెబుతారు, తిట్లూ ఆ రోజే తింటారు.

ఇందులో గొప్ప ఏముంది అనిపించవచ్చు. ఆ చుట్టుపక్కల జరిగేది తెలిస్తే అనిపించదు. దొడ్డి యజమాని వారానికి ఒకసారి వస్తాడు, ఒక్కోసారి నెలకు. మంద రెండువందలు దాటి ఉంటే పిల్లల లెక్క కాపరికి తప్ప ఎవరికీ తెలియదు. రాత్రిపూట పికప్ బండి ఒకటి వచ్చి ఆగుతుంది, ఒక పిల్లను ఎక్కిస్తే చేతిలో డబ్బు పడుతుంది, చచ్చిందని చెబితే సరిపోతుంది. నయీమీ జాతి గొర్రెపిల్ల అంటే ఇక్కడ మంచి ధర. కాపరులంతా ఇలా చేస్తారని మేము అనడం లేదు. చేయగలిగిన వీలు అందరికీ ఉంది అంటున్నాం.

2021లో అన్నయ్యగారికి వరసగా నాలుగు నెలలు జీతం రాలేదు. నెలకు 90 దీనార్లు, మొత్తం 360. ఊళ్లో కూతురు నర్సింగు రెండో సంవత్సరం, ఫీజు గడువు దగ్గర పడింది. పికప్ వాడు వచ్చి, నీ జీతం నువ్వే వసూలు చేసుకో, ఇది దొంగతనం ఎలా అవుతుంది అన్నాడట. న్యాయంగానే మాట్లాడాడు అనిపిస్తుంది వింటే. దానికి అన్నయ్యగారు చెప్పిన జవాబు మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటాం: "మా కఫీలు నాకు బాకీ గానీ, గొర్రెపిల్ల నాకు బాకీ లేదు గదండీ."

ఈ మాట మీద మాలో మాకు పెద్ద వాదనే జరిగింది. మా ఎకౌంటెంటుగారికి ఒళ్లు మండింది. పేదవాడి ఓర్పును పొగడడం డబ్బున్నవాడికి ఎప్పుడూ లాభమే, మన ఊళ్లలో పాలేళ్లకూ ఇదే కదా నేర్పారు, విశ్వాసం అంటే నోరు మూసుకుని ఉండడమా అన్నారు. ఆ ప్రశ్న సరైనదే. మేమూ ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఆయన్ని పొగడదలుచుకోలేదు. అయితే అన్నయ్యగారు నోరు మూసుకోలేదు. సాయంత్రం మేత వేసి, పక్క దొడ్డి సూడాన్ అతనికి మందను అప్పజెప్పి, నోటుబుక్కు చంకన పెట్టుకుని ట్యాంకరు డ్రైవరు పక్కన కూర్చుని కఫీల్ దివానియాకు వెళ్లారు.

వెళ్లేసరికి వాకిట్లో కార్లు బారులు తీరి ఉన్నాయి. కఫీల్ తల్లి ముందురోజే పోయింది, పరామర్శకు జనం వస్తున్నారు. అన్నయ్యగారు నోటుబుక్కు చెప్పుల దగ్గర పెట్టి లోపలికి వెళ్లి, వచ్చిన నాలుగు అరబ్బీ మాటలతో పరామర్శించి, వాళ్లిచ్చిన చేదు కాఫీ తాగి తిరిగి వచ్చేశారు. జీతం మాట ఎత్తలేదు. అవతల ఫీజు గడువు ఇంకా వారం. మా నర్సమ్మ ఫోనులో గట్టిగానే అడిగింది, అంత దూరం వెళ్లి ఎలా ఊరుకున్నారండీ అని. "ఆవిడ చనిపోయిందమ్మా, ఇవాళ డబ్బు అడుగుతామా" అన్నారు.

ఫీజు మేము కడతామన్నాం. ఒప్పుకోలేదు. అప్పుగా అయితే తీసుకుంటానన్నారు. 120 దీనార్లు, నోటుబుక్కు చివరి పేజీలో మా పేర్లతో ఎక్కింది. పది రోజుల తరవాత మళ్లీ వెళ్లారు. ఈసారి ఇంజనీర్లలో ఒకరం తోడు వెళ్లాం, అరబ్బీ వచ్చినవారం కనుక. నోటుబుక్కు తెరిచి నెలనెలా లెక్క చదివారు: ఇన్ని పుట్టాయి, ఇన్ని చచ్చాయి, ఇన్ని ఉన్నాయి, నాకు రావలసింది ఇంత. కఫీల్ దుర్మార్గుడేమీ కాదు. గొర్రెల వ్యాపారంలో దెబ్బ తిని అందరికీ బాకీ పడ్డవాడు. అయినా బాకీ బాకీయే. ఇవ్వకపోతే రాయబార కార్యాలయంలో ఫిర్యాదు రాయించుకోవలసి వస్తుందని కూడా అన్నయ్యగారే, చాలా మర్యాదగా, చెప్పించారు. అక్కడికక్కడే 180 చేతికి వచ్చాయి. రంజాను తరవాత ఇంకో 90. మిగిలిన 90 ఇప్పటికీ రాలేదు. ప్రతి నెల ఒకటో తారీఖున ఆయన ఫోను చేసి గుర్తుచేస్తారు, ఒక్క నెల కూడా తప్పలేదు. మా 120 మాత్రం ఆ వేసవిలోనే తీర్చేశారు.

ఈ పద్ధతి ఆయనకు ఎక్కడిది అని ఆలోచిస్తే మాకు ఒక పాత కథ గుర్తొచ్చింది. ఇక్కడికి ఉత్తరాన బాగ్దాద్‌లో 1830 ప్రాంతంలో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ అనే ఇంగ్లీషు పళ్ల డాక్టరు మిషనరీగా ఉండేవాడు. ఇంగ్లండులో బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి వచ్చినవాడు. 1831లో అక్కడ ప్లేగు, వరద కలిసి వచ్చాయి. ఆయన భార్య మేరీ ఆ ప్లేగులోనే పోయింది. 1833లో హిందూదేశం వచ్చాడు. తరవాత ఆయన వెంట 1836లో వచ్చిన ఇద్దరు, విలియం బౌడెన్, జార్జి బీర్, గోదావరి జిల్లా చేరి నరసాపురంలో పని మొదలుపెట్టారు. వాళ్లలో ఒకరు రాళ్లు చెక్కే పనివాడు, ఒకరు చెప్పులు కుట్టేవాడు. అదే గోదావరి డెల్టా మిషన్. ఆ సహవాసాల్లో జీతం తీసుకునే పాస్టరు తప్పనిసరి కాదు. కూలిపని చేసే సహోదరుడు లేచి ప్రార్థన చేస్తాడు, రొట్టె విరుస్తాడు. అన్నయ్యగారి తాతలు ఆ బల్లల మీద కూర్చున్నవాళ్లే.

అందుకే కాబోలు కబ్ద్‌లో పాస్టరు లేడన్న లోటు ఆయనకు పెద్దగా కనిపించదు. మేము వెళ్లినప్పుడు పక్క దొడ్ల నుంచి కడప అబ్బాయి ఒకడు, రాజంపేట ఆయన ఒకరు వస్తారు. మంచం మీద దుప్పటి దులిపి, ఖుబ్జు ఒకటి తుంచుకుని, ఊళ్లో వానలు పడాలని, పిల్లలకు జ్వరాలు తగ్గాలని ప్రార్థన చేసుకుంటాం. కఫీల్ పేరు కూడా ఆ ప్రార్థనలో ఉంటుంది, సూడాన్ అతని పేరూ ఉంటుంది. ఇరవైమూడో కీర్తన గురించి ఒకసారి మా టీచరమ్మ ఏదో చెప్పబోతే అన్నయ్యగారు అన్నారు, దావీదుగారికి గడ్డి దొరికిందండీ, మాకు బార్లీ మూటే అని. అందరం నవ్వాం. గొర్రెలు కాసినవాడు ఆ కీర్తన చదివే తీరు వేరు. చెవి వాచిన గొర్రెను పట్టుకుని మందు రాస్తూ ఆయన దానితో మాట్లాడే గొంతు వింటే మాకది అర్థమవుతుంది.

సూడాన్ అతని సంగతి చెప్పాలి. రంజానులో రాత్రి నమాజుకు అతను వెళితే రెండు మందలకూ అన్నయ్యగారే కాపలా. ఉపవాసం ఉన్న మనిషి ఎదుట పగలు నీళ్లు తాగరు, చాటుకు వెళతారు. ఒకరి మతం గురించి ఒకరు వాదించుకోగా మేము వినలేదు. 2023 డిసెంబరు 25 సోమవారం వచ్చింది. ఆ రోజు సూడాన్ అతనే, నువ్వు వెళ్లు, నీ పండగ, రెండు మందలూ నేను చూస్తాను అని పంపించాడు. అన్నయ్యగారు మా చర్చిలో మొదటిసారి, వెనక వరసలో, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో కూర్చున్నారు. పాటలన్నీ కంఠతా వచ్చు. భోజనాలు మొదలవుతుండగానే లేచారు, మేత వేళ అయిందని. బిర్యానీ పొట్లాలు రెండు ఇవ్వమన్నారు.

పెద్ద పనులు చేసిన క్రైస్తవులు ఈ దేశంలో లేకపోలేదు. 1920 అక్టోబరులో జహ్రా యుద్ధంలో గాయపడినవాళ్లకు అమెరికన్ మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ మైల్రియా వైద్యం చేశాడు. 1967లో మూతపడిన ఆ ఆసుపత్రి భవనం ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం, సముద్రం ఒడ్డున మీరు చూసే ఉంటారు. ఆ డాక్టర్ల గురించి పుస్తకాలున్నాయి. నోటుబుక్కు సంగతి మేము రాయకపోతే ఎవరు రాస్తారు అనిపించింది.

ఆయన్ని చూశాక మా ఇళ్లలో కొన్ని మాటలు మామూలుగానే వస్తున్నాయి. తనిఖీ చేయని వెల్డింగు రిపోర్టు మీద సంతకం పెట్టమని పైనుంచి ఒత్తిడి వస్తే, ఇంట్లో భార్య అడుగుతుంది, నోటుబుక్కులో ఏమని రాస్తారు అని. పనిచేసే అక్క పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని చట్టంలో ఉంది. మా నాలుగు ఇళ్లలోనూ అది వాళ్ల ట్రంకుపెట్టెలోనే ఉంటుంది, ఒకటో తారీఖున జీతం వాళ్ల చేతిలో ఉంటుంది. ఒకటో తారీఖున ఫోను చేసే మనిషి ఒకరు మనసులో ఉంటే రెండో తారీఖు దాకా ఆగబుద్ధి కాదు.

అమ్మాయి నర్సింగు పూర్తి చేసి భీమవరంలో ఉద్యోగంలో చేరింది. ఇంకో రెండేళ్లు ఉండి వెళ్లిపోతానంటున్నారు అన్నయ్యగారు, ఆ 90 దీనార్లు వచ్చినా రాకపోయినా.

వచ్చే శుక్రవారం ఆరాధన అయ్యాక మేము కబ్ద్ వెళుతున్నాం. కారులో ఇంకా ఇద్దరికి చోటుంది, ఏ మతం వారైనా రావచ్చు. రాలేనివారు అమృతాంజనం, ఉలెన్ మేజోళ్లు, తెలుగు వారపత్రికలు ఉంటే ఇవ్వండి, పాతవైనా ఫరవాలేదు. రాజంపేట ఆయనకు సీరియల్ నవలలంటే ఇష్టం, మధ్యలో సంచికలు పోకుండా చూడమన్నారు.